గోడౌన్ మారింది, ప్రోటోకాల్ మారలేదు

పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ, నాయుడుపేట... మందుల గోడౌన్ ఉన్న ఏ ఊరిలోనైనా వ్యాలిడేషన్ ప్లానర్‌లో ఓ వరస తప్పకుండా ఉంటుంది: ‘కోల్డ్ రూమ్ రీక్వాలిఫికేషన్’. గడువు దగ్గరపడగానే చాలాచోట్ల జరిగేది ఒకటే. పోయినసారి ప్రోటోకాల్ తెరుస్తారు. నంబరు, తేదీ మారుస్తారు. లాగర్లు అప్పుడు కట్టిన చోటే మళ్ళీ కడతారు. మూడు రోజుల తర్వాత విప్పి గ్రాఫులు తీస్తారు. అన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉన్నాయని రాస్తారు. సంతకాలు పూర్తవుతాయి, రిపోర్టు బీరువాలోకి వెళ్తుంది.

వ్యాలిడేషన్, వేర్‌హౌస్, ఇంజినీరింగ్ విభాగాల్లో రెండు మూడేళ్ళు పనిచేసి, మొదటిసారి ఈ ప్రోటోకాల్‌ని తమ పేరు మీద రాయబోతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ ఉద్యోగంలో అసలు పనంతా లాగర్లు కట్టకముందే ఉంది. పోయినసారికీ ఇప్పటికీ ఈ గదిలో ఏం మారిందో కనిపెట్టడమే ఆ పని. అది చేయకుండా తీసిన గ్రాఫు, ఆ మూడు రోజులు, ఆ కొన్ని చోట్ల గది బాగుందని మాత్రమే చెబుతుంది. మిగతా రోజుల గురించి, మిగతా చోట్ల గురించి దానికేమీ తెలియదు.

నిబంధనల్లో ఉన్నదేమిటి

“ఏటా చెయ్యాలని రూల్ ఉంది కద సార్” అంటారు చాలామంది. ఏ రూల్, ఎక్కడుంది అని అడిగితే జవాబు రాదు. యూరోపియన్ యూనియన్ జీఎంపీ నిబంధనల్లో అనుబంధం 15 ఉంది, 2015 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో నాలుగో విభాగం రీక్వాలిఫికేషన్‌కి కేటాయించింది రెండే రెండు చిన్న పేరాలు. పరికరాలు, గదులు, యుటిలిటీలు అదుపులోనే ఉన్నాయా అని తగిన వ్యవధిలో పరిశీలించాలంటుంది మొదటిది. ఫలానా కాలానికోసారి చేస్తామని పెట్టుకుంటే ఆ కాలాన్ని ఎందుకు ఎంచుకున్నారో కారణం చూపాలి, దేన్నిబట్టి బాగుందంటారో ముందే రాసుకోవాలి, కాలం గడిచేకొద్దీ వచ్చే చిన్న చిన్న మార్పులను కూడా అంచనా వేయాలి అంటుంది రెండోది. ఈ చివరి ముక్కని ఎవరూ పట్టించుకోరు. నా దృష్టిలో మొత్తం విభాగానికి ప్రాణం అదే.

మందుల పంపిణీకి సంబంధించిన 2013 నాటి యూరోపియన్ జీడీపీ మార్గదర్శకాలూ అదే దారిలో ఉన్నాయి. గది వాడకముందు ఒకసారి మ్యాపింగ్ చేయాలి. ఆ తర్వాత రిస్క్ అసెస్‌మెంట్ చెప్పినప్పుడు గానీ, గదిలోనో చల్లబరిచే యంత్రాల్లోనో చెప్పుకోదగ్గ మార్పు జరిగినప్పుడు గానీ మళ్ళీ చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన సాంకేతిక నివేదిక 961లో అనుబంధం 9, దానికి 2015లో నివేదిక 992తో వచ్చిన సప్లిమెంట్లు ఇంకా వివరంగా ఉంటాయి. వాటిలో ఏడోది నిల్వ ప్రదేశాల క్వాలిఫికేషన్ మీద, ఎనిమిదోది టెంపరేచర్ మ్యాపింగ్ మీద. మన దేశంలో సవరించిన షెడ్యూల్ ఎం 2023 డిసెంబరు 28న నోటిఫై అయింది. చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇచ్చిన పొడిగింపు గడువు కూడా 2025 డిసెంబరు 31తో తీరిపోయింది. ఎగుమతులు లేని కంపెనీ కాబట్టి క్వాలిఫికేషన్ మనకెందుకులే అనుకునే రోజులు పోయాయి.

ఈ పత్రాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. డబ్ల్యూహెచ్‌ఓ ఎనిమిదో సప్లిమెంట్ ఒక ఆదివారం కూర్చుంటే చదవడం అయిపోతుంది. ఎవరో చేసిన పవర్‌పాయింట్ చదివి ఊరుకోకండి, మూలం చదవండి. “మూడేళ్ళకోసారి ఎందుకు చేస్తున్నారు?” అని ఆడిటర్ అడిగితే “మా ఎస్‌ఓపీలో ఉంది” అనడం జవాబు కాదు. “గత మూడేళ్ళలో ఈ గదిలో వచ్చిన అలారాలు ఇవి, బ్రేక్‌డౌన్లు ఇవి, మార్పులు ఇవి, ఏటా ఒక పేజీలో సమీక్షిస్తున్నాం, ఆ సమీక్ష ఆధారంగా మూడేళ్ళు చాలని తేల్చాం” అనగలిగితే అది జవాబు. అట్లా చెప్పడానికి ఆ సమీక్ష నిజంగా జరిగి ఉండాలి మరి.

ముందు కాగితాలు, తర్వాత కాళ్ళు

ప్రోటోకాల్ రాయడానికి కనీసం రెండు వారాల ముందు నాలుగు రకాల రికార్డులు తెప్పించుకోండి. గదికీ దాని యంత్రాలకీ సంబంధించిన చేంజ్ కంట్రోళ్ళు, ఇంజినీరింగ్ వాళ్ళ బ్రేక్‌డౌన్ రిజిస్టరు, మానిటరింగ్ సిస్టమ్‌లోని అలారం చరిత్ర, ఎక్స్‌కర్షన్లకి వేసిన డీవియేషన్లు. వీటిలో బ్రేక్‌డౌన్ రిజిస్టరే ఎక్కువ నిజం చెబుతుందని నా అనుభవం. చేంజ్ కంట్రోల్ వేయకుండా జరిగిన పనులు అందులో చేతిరాతతో దొరుకుతాయి. ‘ఫ్యాన్ మోటార్ మార్చాం’, ‘గ్యాస్ నింపాం’, ‘డీఫ్రాస్ట్ టైమర్ సెట్ చేశాం’ అని ఒక్కొక్క వాక్యం ఉంటుంది. డీఫ్రాస్ట్ టైమర్ మారిందంటే, ఎవాపరేటర్ ముందున్న ప్యాలెట్ మీదికి రోజుకి ఎన్నిసార్లు వెచ్చటి గాలి వస్తుందన్నదీ మారినట్టే. అది మీ ప్రోటోకాల్‌లో ఉండాలి.

అలారం చరిత్ర చదివేటప్పుడు లెక్క ఒక్కటే చూడకండి, ఎప్పుడు మోగిందో కూడా చూడండి. ఎక్కువ అలారాలు మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్యే వస్తుంటే డిస్పాచ్ వేళ తలుపు తెరిచి ఉంచుతున్నారేమో. తెల్లవారుజామున వస్తుంటే చలికాలంలో కంట్రోలర్ సరిగా ఆగడం లేదేమో. ఆదివారాల్లో వస్తుంటే ఎవరో కరెంటు ఖర్చు తగ్గించడానికి ఏహెచ్‌యూ కట్టేస్తున్నారేమో.

తర్వాత డ్రాయింగ్ ప్రింటు చేతిలో పట్టుకుని గదిలోకి నడవండి. పెన్నుతో తేడాలు గుర్తు పెట్టండి. డ్రాయింగ్‌లో నాలుగు అంతస్తుల ర్యాకు ఉంటుంది, గదిలో ఐదు ఉంటాయి. పోయినసారి మ్యాపింగ్ నాటికి సగం ఖాళీగా ఉన్న గది ఇప్పుడు నడిచే దారిలో కూడా ప్యాలెట్లతో కిక్కిరిసి ఉంటుంది. గాలి వెనక్కి వెళ్ళాల్సిన గ్రిల్‌కి అట్టపెట్టెలు ఆనించి ఉంటాయి. తలుపు గాస్కెట్ ఒక మూల ఊడి ఉంటుంది. స్ట్రిప్ కర్టెన్ ముక్కలు ఫోర్క్‌లిఫ్ట్‌కి అడ్డం వస్తున్నాయని ఎవరో ముడివేసి పైకి కట్టి ఉంటారు. వీటిలో ఏ ఒక్కటీ చేంజ్ కంట్రోల్‌కి ఎక్కి ఉండదు.

మనుషులతో మాట్లాడండి. గది గురించి మేనేజరు కంటే ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆయనకీ, రిఫ్రిజరేషన్ టెక్నీషియన్‌కీ, రాత్రి కాపలా ఉండే గార్డుకీ ఎక్కువ తెలుసు. కానీ ఫైలు చేత్తో పట్టుకుని విచారణకొచ్చినట్టు అడిగితే ఎవరూ చెప్పరు. “అన్నా, ఈ పై ర్యాకు ఎప్పుడేసిన్రు?” అని మామూలుగా అడిగి చూడండి. “పోయిన దసరాకు ముంగట ఏసినం సార్. ఆడ ఉక్కపోస్తది, నిలవడలేం” అన్నాడనుకోండి, మీ కొత్త హాట్ స్పాట్ ఎక్కడుండే అవకాశం ఉందో ఒక్క మాటలో దొరికినట్టే. ఆ మాటని రిస్క్ అసెస్‌మెంట్‌లోకి ఎక్కించండి, అక్కడ ఒక లాగరు పెట్టండి.

ఇవన్నీ ఒకచోట పెట్టాక ఒక నిర్ణయం తీసుకోవాలి: పూర్తి మ్యాపింగా, కొంత భాగమా, కాగితం మీద సమీక్ష చాలా? పాత కంప్రెసర్ తీసి అదే మోడల్ కొత్తది వేశారు, మిగతావేవీ మారలేదు, మానిటరింగ్ డేటా ముందూ తర్వాతా ఒకేలా ఉంది అంటే చిన్న పరీక్షతో సరిపెట్టుకోవచ్చు. ఎవాపరేటర్ స్థానం మారినా, ఫ్యాన్ల సంఖ్యో వేగమో మారినా, ర్యాకుల అమరిక మారినా, గది పెరిగినా గాలి నడిచే దారి మారినట్టే. అక్కడ పూర్తి మ్యాపింగ్ తప్పదు. ఖర్చనీ, సమయం లేదనీ ఈ రెండో రకాన్ని మొదటి రకంలో కలిపేయమని ఒత్తిడి వస్తుంది. కారణాలు రాసి చూపండి. రాతలో పెట్టమంటే ఆ ఒత్తిడి చేసేవాళ్ళు చాలాసార్లు తగ్గుతారు.

8 దాటడం కంటే 0 కిందికి జారడం ఎక్కువ ప్రమాదం

2–8 డిగ్రీల గది అనగానే అందరి చూపూ ఎనిమిది మీదే ఉంటుంది. వేడి ప్రాంతంలో పుట్టి పెరిగిన వాళ్ళం, మందు చెడిందంటే ఎండకే చెడిందనుకుంటాం. కానీ హెపటైటిస్ బి, పెంటావేలెంట్, ధనుర్వాతం టీకాల్లాంటి అల్యూమినియం ఉప్పు కలిసిన టీకాలు ఒక్కసారి గడ్డకడితే చెడిపోయినట్టే. కరిగాక తిరిగి మామూలుగా కనిపించవచ్చు, కానీ పనిచేయవు. ఇన్సులిన్ సంగతీ అంతే, గడ్డకట్టినదాన్ని వాడకూడదు. ఎనిమిది దాటి కాసేపు పదికి వెళ్ళిన మందుని స్టెబిలిటీ డేటా చూసి నిలబెట్టుకునే వీలు చాలాసార్లు ఉంటుంది. గడ్డకట్టినదానికి ఆ వీలు లేదు. అది వెనక్కి తిరగని నష్టం, పైగా కంటికి కనిపించని నష్టం. ఆ టీకా వేయించుకున్న పిల్లకి రక్షణ ఉందని తల్లి నమ్ముతుంది. ఈ ఉద్యోగంలో మన సంతకం విలువ ఆ నమ్మకమంత.

ఇంట్లో ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించిన గిన్నెలో పెరుగు గడ్డకట్టి, తలుపు అరలో పాలు మామూలుగా ఉండటం అందరం చూసిందే. కోల్డ్ రూమ్‌లోనూ అంతే. ఎవాపరేటర్ నుంచి వచ్చే గాలి సూటిగా తగిలే పై వరస అట్టపెట్టెలు గదిలో అన్నిటికంటే చల్లగా ఉంటాయి. గది సగటు 5 డిగ్రీలు చూపిస్తున్నప్పుడు కూడా అక్కడ సున్నా దగ్గరికి వెళ్ళవచ్చు. అందుకని ఎవాపరేటర్ గాలి తగిలే చోట ఒకటికి రెండు లాగర్లు పెట్టండి. అక్కడ ఎప్పుడూ 2 కిందికి వెళ్తుంటే పరిష్కారం గ్రాఫులో వెతకకండి. ఆ స్థలంలో సరుకు పెట్టడం ఆపండి. ర్యాకు మీద గీత గీసి, ‘ఇక్కడ పెట్టరాదు’ అని బోర్డు పెట్టించండి. మన గోడౌన్లలో లోడింగ్ పని చేసేవాళ్ళలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ బోర్డు తెలుగులోనే కాక హిందీలో, ఒడియాలో కూడా ఉండాలి. బొమ్మ వేయిస్తే ఇంకా మంచిది.

శాశ్వత సెన్సార్లు కనీసం రెండు ఉండాలి, అన్నిటికంటే వేడి చోట ఒకటి, అన్నిటికంటే చల్లని చోట ఒకటి. వాటి స్థానం ఎలక్ట్రీషియన్‌కి వైరు లాగడానికి సులువైన చోటు కాకూడదు, మ్యాపింగ్ చూపించిన చోటు కావాలి. రీక్వాలిఫికేషన్‌లో హాట్ స్పాట్ చోటు మారిందని తేలితే సెన్సారు చోటూ మారాలి. రిపోర్టులో కొత్త హాట్ స్పాట్ గురించి రాసి, సెన్సారుని పాత చోటే ఉంచిన గోడౌన్లు ఎన్నో చూశాను. ఆ రిపోర్టు రాయడానికి పడిన కష్టమంతా వృథా.

లాగర్లు

సంఖ్య, స్థానం విషయంలో డబ్ల్యూహెచ్‌ఓ సప్లిమెంట్ మంచి ఆధారం. పెద్ద గోడౌన్లలో పొడవునా వెడల్పునా 5 నుంచి 10 మీటర్లకొకటి. ఎత్తులో కింద, మధ్య, పైన. 3.6 మీటర్ల కంటే ఎత్తయిన కప్పు ఉంటే మధ్యలో ఇంకా వరసలు పెరుగుతాయి. లాగరు తప్పు 0.5 డిగ్రీలకి మించకూడదు, మూడు బిందువుల దగ్గర క్యాలిబ్రేషన్ జరిగి ఉండాలి. ఆ మూడు బిందువులూ మీరు కొలిచే పరిధిని చుట్టి ఉన్నాయో లేదో సర్టిఫికెట్‌లో చూడండి. 2–8 గదికి వాడే లాగరుని 20, 40, 60 దగ్గర క్యాలిబ్రేట్ చేయించి తెచ్చినవాళ్ళున్నారు. ఆ సర్టిఫికెట్‌కి ఎంత అందమైన ముద్ర ఉన్నా ఈ గదికి పనికిరాదు. మ్యాపింగ్ అయ్యాక కూడా లాగర్లని మళ్ళీ సరిచూడండి. అప్పుడు ఒకటి తప్పు చూపిస్తోందని తేలితే, ఆ డేటా మీద ఆధారపడాలా వద్దా అన్న ప్రశ్నకి ప్రోటోకాల్‌లో ముందే జవాబు ఉండాలి.

గ్రిడ్ ఒక మొదలు మాత్రమే. దానికి మీ నడకలో దొరికిన చోట్లు కలపండి: తలుపు పక్క, పడమటి గోడ, రేకు కింద పై అర, లైటు కింద, స్తంభం వెనక గాలి ఆడని మూల, లోడింగ్ డాక్. శాశ్వత సెన్సారు పక్కనే ఒక లాగరు తప్పకుండా పెట్టండి. రెండింటికీ తేడా ఎంతో తెలియకపోతే ఏడాది పొడవునా వచ్చే మానిటరింగ్ డేటాని నమ్మేదెలా? బయట నీడలో కూడా ఒకటి పెట్టండి. ఆ రోజుల్లో బయట ఎంత ఎండ కాసిందో రిపోర్టులో లేకపోతే ‘వేసవి మ్యాపింగ్’ అన్న మాటకి రుజువు లేదు. గాలిలో వేలాడదీయడం కాక, సరుకు ఉండే ఎత్తులో, సరుకు ఉండే చోట కట్టండి. ప్రతి లాగరు నంబరుతో సహా ఫొటో తీసుకోండి. లాగర్ల గడియారాలూ మానిటరింగ్ సిస్టమ్ గడియారమూ ఒకే సమయం చూపుతున్నాయో లేదో మొదలుపెట్టే ముందే చూడండి. ఏడెనిమిది నిమిషాల తేడా ఉందంటే తలుపు తెరిచిన పరీక్షని ఆ తర్వాత ఎవరూ సరిగా చదవలేరు.

వ్యవధి కోల్డ్ రూమ్‌కి 24 నుంచి 72 గంటలు. మామూలు ఉష్ణోగ్రత గోడౌన్‌కి కనీసం వరసగా ఏడు రోజులు, అందులో శని ఆదివారాలు కలవాలి. సెలవు రోజు గోడౌన్ వేరు, పని రోజు గోడౌన్ వేరు కాబట్టే ఆ నియమం. ఎండాకాలం, చలికాలం రెండింటిలోనూ చేయాలి. రెంటచింతల, రామగుండం వైపు మే నెల ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ 15–25 డిగ్రీల లేబుల్ ఉన్న సరుకుకి ఆదిలాబాద్ వైపు జనవరి తెల్లవారుజాము కూడా అంతే ముఖ్యం. ఏసీ చల్లబరుస్తుందే తప్ప వేడి చేయని గోడౌన్లో 15 కిందికి జారడం చూస్తుంటాం. ఎక్స్‌కర్షన్ అంటే ఎండాకాలం మాటే అనుకునేవాళ్ళకి అది కనిపించదు.

తేమని కూడా మరవకండి. పరవాడ లాంటి సముద్రతీరంలో వానాకాలం గోడౌన్ ఉష్ణోగ్రత పరంగా బాగానే ఉండి, తేమ పరంగా విఫలమవుతుంది. ఖాళీ జెలటిన్ క్యాప్సూల్ తొడుగుల్లో 13 నుంచి 16 శాతం తేమ ఉంటుంది. గాలి పొడిబారితే పెళుసుగా మారి ఫిల్లింగ్ మెషీన్ మీద పగులుతాయి, తేమ ఎక్కువైతే మెత్తబడి అతుక్కుంటాయి. అలాంటి సరుకున్న గదికి మ్యాపింగ్ కాలం ఎంచుకోవాల్సింది మే నెలని చూసి కాదు, ఆగస్టుని చూసి.

సరుకు లోపలుండగా పరీక్ష

మొదటిసారి క్వాలిఫికేషన్‌కీ రీక్వాలిఫికేషన్‌కీ పెద్ద తేడా ఇక్కడుంది. అప్పుడు గది ఖాళీ. ఇప్పుడు కోట్ల రూపాయల సరుకుంది, దాని వెనక రోగులున్నారు. పవర్ ఫెయిల్యూర్ పరీక్షని నిజమైన సరుకు మీద చేయకండి. సరుకుని మరో క్వాలిఫైడ్ గదికి మార్చండి, లేదా డమ్మీ పెట్టెలతో చేయండి. మార్చే వీల్లేకపోతే పరీక్షని ఎక్కడ ఆపుతారో ముందే రాయండి. ఏ లాగరైనా 7.5 చూపగానే కరెంటు తిరిగి ఇవ్వాలి అన్నట్టుగా. దాన్ని చూడటానికి ఒక మనిషి అక్కడ కూర్చుని ఉండాలి.

నిండు గది, ఖాళీ గది ఒకే రకంగా ప్రవర్తించవు. కిక్కిరిసిన గదిలో గాలి ఆడదు, కాబట్టి అన్ని మూలలూ సమంగా చల్లబడుతున్నాయా అన్నదానికి నిండు గదే కఠిన పరీక్ష. కరెంటు పోయినప్పుడు ఎంతసేపు చల్లదనం నిలుస్తుందన్నదానికి మాత్రం ఖాళీ గది కఠినం, ఎందుకంటే చలిని పట్టి ఉంచే సరుకు అందులో లేదు. ఏ ప్రశ్నకి ఏ స్థితి కష్టమో ఆలోచించి పరీక్ష పెట్టండి. ‘లోడ్ కండిషన్: యాజ్ ఈజ్’ అని రాసేసి ఊరుకోకండి, ఎన్ని ప్యాలెట్లు, ఎక్కడెక్కడ, ఎంత ఎత్తు వరకు ఉన్నాయో రాయండి.

ఈ పరీక్షల ఫలితం రిపోర్టులో చచ్చి పడి ఉండకూడదు. తలుపు ఎంతసేపు తెరవొచ్చో, కరెంటు పోతే ఎంత సమయం చేతిలో ఉంటుందో తలుపు మీదే అంటించండి. రాత్రి షిఫ్టు వాళ్ళకి మీ రిపోర్టు అవసరం లేదు, ఆ రెండు అంకెలు కావాలి.

అలారం పరీక్షని బటన్ నొక్కి సైరన్ మోగించి ముగించకండి. ఎస్‌ఎంఎస్ ఎవరికి వెళ్ళిందో చూడండి. రెండేళ్ళ కింద ఉద్యోగం మానేసిన వాళ్ళ నంబర్లు ఆ జాబితాలో ఉండటం చాలా మామూలు. ఆదివారం రాత్రి వచ్చే అలారం అట్లాంటి ఫోనుకి వెళ్తే కోల్డ్ రూమ్‌కి దిక్కెవరు? డీజీ సెట్ నిజంగా ఎన్ని సెకన్లలో లోడ్ తీసుకుంటోందో, కరెంటు తిరిగి వచ్చాక కంప్రెసర్ తనంతట తాను మొదలవుతోందో లేదో కూడా కళ్ళారా చూడండి.

సగటు వెనక దాక్కోవద్దు

బాగుందనడానికి కొలమానం ముందే రాయాలి, ప్రతి లాగరు కనిష్ఠం, గరిష్ఠం దానికి లోబడాలి. గది సగటు లోపలే ఉందన్నది జవాబు కాదు. మందు గది సగటులో నివసించదు, ఒక అరలో నివసిస్తుంది.

ఎంకేటీ, అంటే మీన్ కైనెటిక్ టెంపరేచర్ గురించి ఒక హెచ్చరిక. హేన్స్ అనే శాస్త్రవేత్త 1971లో ప్రతిపాదించిన లెక్క ఇది. వేడి పెరిగేకొద్దీ రసాయన చర్య వేగం పెరుగుతుంది కాబట్టి వేడి ఘడియలకి ఎక్కువ బరువిచ్చి లెక్కగడుతుంది. అందులో సాధారణంగా వాడే యాక్టివేషన్ ఎనర్జీ మోల్‌కి 83.144 కిలోజౌళ్ళు. అమెరికా ఫార్మకోపియా ప్రకారం 20–25 డిగ్రీల నిల్వకి ఎంకేటీ 25 దాటకుండా ఉంటే 15–30 మధ్య ఊగిసలాటని అనుమతిస్తారు. గోడౌన్లో ఏదో రోజు ఏసీ ఆగిపోయినప్పుడు దాని ప్రభావం అంచనా వేయడానికి ఇది పనికొచ్చే సాధనం. మ్యాపింగ్‌లో విఫలమైన చోటుని పాస్ చేయించడానికి మాత్రం వాడకూడదు. గడ్డకట్టడం విషయంలోనైతే ఎంకేటీ దారి తప్పిస్తుంది. ఉష్ణోగ్రత సున్నా కిందికి జారితే ఎంకేటీ ఇంకా తగ్గి ఇంకా బాగున్నట్టు కనిపిస్తుంది. అక్కడ టీకా చనిపోయి ఉంటుంది.

విఫలమైతే

ఒక లాగరు 8.9 చూపించింది. అప్పుడు మొదట వినిపించే మాట: “మళ్ళీ పెట్టి చూడు, ఈసారి వస్తుందిలే.” అలా చేయకండి. పాసయ్యేదాకా పెడుతూ పోవడాన్ని పరీక్ష అనరు. ఆ రోజే క్యూఏకి మెయిల్ రాయండి. ఏ చోట, ఎప్పుడు, ఎంతసేపు, ఎంతకి వెళ్ళింది, ఆ సమయానికి ఆ చోట ఏ సరుకుంది అన్న ఐదు విషయాలు చాలు. కారణం తెలిస్తే చెప్పండి, తెలియకపోతే ఊహించి రాయకండి. ఇలాంటి మెయిల్ రాసిన చిన్న ఉద్యోగి మీద మొదట విసుక్కున్న పై అధికారులే, ఆడిట్ నాడు అదే మెయిల్ చూపించి బయటపడటం నేను చూశాను.

దాని తర్వాత వచ్చే ప్రశ్న కష్టమైనది. ఈ చోటు ఈ వారమే వేడెక్కిందా, లేక ఏడాదిగా ఇలాగే ఉందా? పోయిన మ్యాపింగ్ నుంచి ఇప్పటిదాకా ఆ అరలో ఉండి వెళ్ళిపోయిన బ్యాచ్‌ల సంగతేమిటి? ర్యాకు ఎప్పుడు వేశారో, ఎవాపరేటర్ ఎప్పుడు మార్చారో మీరు ముందే రాసి పెట్టుకుని ఉంటే ఈ ప్రశ్నకి ఒక తేదీ దొరుకుతుంది. అక్కడి నుంచి స్టాకు రికార్డులు, స్టెబిలిటీ డేటా చూసి క్యూఏ నిర్ణయం తీసుకోగలదు. ఆ తేదీ లేకపోతే అనుమానం మొత్తం కాలం మీదా, మొత్తం సరుకు మీదా పడుతుంది. నష్టం అక్కడే పెరిగిపోతుంది.

లాగరు మధ్యలో ఆగిపోతే దాని ఫైలుని తొలగించవద్దు. ఆగిపోయిందని రాయండి, పక్క లాగర్ల డేటాతో ఆ చోటు గురించి తేల్చవచ్చో లేదో ప్రోటోకాల్ ప్రకారం చూడండి. అది హాట్ స్పాట్ అనుమానం ఉన్న చోటైతే మళ్ళీ చేయడమే దారి. ముడి ఫైళ్ళు లాగర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవి ఉన్నట్టుగా భద్రపరచండి, ఎక్సెల్‌లోకి తెచ్చుకున్న కాపీ ముడి డేటా కాదు. మీ పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వకండి, ఇంకొకరిది వాడకండి. ఆడిట్ ట్రయల్‌లో మీ పేరు మీద జరిగిన ప్రతి పనికీ జవాబుదారీ మీరే.

మ్యాపింగ్‌ని బయటి ఏజెన్సీకి ఇచ్చే కంపెనీలు ఇప్పుడు ఎక్కువ. తప్పులేదు. కానీ లాగర్లు ఎక్కడ పెట్టాలో వాళ్ళకి వదిలేయకండి, మీ గది గురించి వాళ్ళకేం తెలుసు? వాళ్ళ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు నుంచి వచ్చాయో లేదో, గడువులో ఉన్నాయో లేదో చూడండి. ముడి డేటా మీకు ఇస్తామని ఒప్పందంలోనే రాయించుకోండి. హాస్పిటల్ ఫార్మసీలు, చిన్న డిస్ట్రిబ్యూటర్ల దగ్గర నాలుగు గజాల గదికి ఇంత హంగామా అవసరం లేదు. ఎండ తగిలే కిటికీ, ఏసీ దిశ, వేడి పుట్టించే యంత్రాలు చూసి, సెన్సారు సరైన చోట పెట్టి, ఎందుకు పెట్టారో ఒక కాగితం మీద రాసి ఉంచినా మేలే.

ఈ రంగంలో ఎదగాలనుకునేవాళ్ళకి ఒక మాట. బీఫార్మసీ చదివినవాళ్ళకి రిఫ్రిజరేషన్ తెలియదు, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చేసినవాళ్ళకి మందు సంగతి తెలియదు. ఎటు నుంచి వచ్చినవాళ్ళు అటువైపు లోటు పూడ్చుకోవాలి. టెక్నీషియన్‌తో ఒక రోజంతా తిరిగి కంప్రెసర్, కండెన్సర్, ఎవాపరేటర్ ఏం చేస్తాయో నేర్చుకోండి. స్టెబిలిటీ విభాగంలో ఒకరిని అడిగి, మీ గోడౌన్లో ఉన్న మందుల్లో ఏది గడ్డకడితే చెడుతుందో, ఏది తేమకి చెడుతుందో జాబితా రాసుకోండి. ఇంటర్వ్యూలో “ఎన్ని మ్యాపింగ్‌లు చేశారు?” అని అడిగేవాళ్ళు ఉంటారు. “ఆ లాగరు అక్కడే ఎందుకు పెట్టారు?” అని అడిగేవాళ్ళు కొంతమందే ఉంటారు. రెండో రకం వాళ్ళ దగ్గర ఉద్యోగం దొరికితే వదులుకోకండి.

ఈ వారంలోనే ఒక గంట తీరిక చేసుకుని మీ గోడౌన్ డ్రాయింగ్‌ని గదితో సరిపోల్చి చూడండి. ర్యాకు గానీ, ఫ్యాను గానీ, తలుపు గానీ కాగితంలో ఉన్నట్టు లేకపోతే ప్లానర్‌లో తేదీ వచ్చేదాకా ఆగకుండా అదే రోజు చేంజ్ కంట్రోల్ తెరవండి.